పదో వంతు ఓమ్ దగ్గర తప్పే లెక్క: ఇంట్లో చుట్టిన వేప్ కాయిల్‌ను పరీక్షిస్తే ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

నల్లగొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఒక దుకాణంలో, గత ఎండాకాలం, ఒక ఇంజినీరింగ్ విద్యార్థి వేలి గోరంత తీగచుట్టను బల్ల మీద పెట్టి అడిగిన ప్రశ్నతో ఈ వ్యాసం మొదలైంది. "మీటరు పెడితే 0.5 ఓమ్ చూపిస్తున్నదన్నా. లెక్క ప్రకారం ఎనిమిది ఆంపియర్లే గుంజాలె. మరి సెల్లు చేత్తోని పట్టుకోరాకుండ ఎందుకు కాలుతున్నది?" అని అతడు అడిగాడు. కాలిపోయిన మా బావి మోటారు కోసం అక్కడే కూర్చుని ఉన్న నేను, భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని కాబట్టి, జవాబు చెప్పబోయాను. నాకంటే ముందు మెకానిక్ మీటరు రెండు ముల్లులనూ ఒకదానికొకటి గట్టిగా ఆనించి, తెర వైపు చూపించాడు. మధ్యలో ఏ తీగా లేకపోయినా అక్కడ 0.3 అని కనిపిస్తోంది.

ఆ కాయిల్ ఈ-సిగరెట్‌లో, అంటే ఇప్పుడు కుర్రకారు వేప్ అని పిలిచే పరికరంలో పెట్టేది. దేశంలో ఈ పరికరాల తయారీ, అమ్మకం 2019 నుంచి నిషేధంలో ఉన్నాయి. అయినా పట్టుకున్నారన్న వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. తీగను సొంతంగా చుట్టుకుని "సురక్షితంగా" పరీక్షించుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. కాయిల్ చుట్టే పద్ధతి చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఆ "పరీక్ష" అనే మాట వెనుక ఉన్న లెక్క ఏమిటో, అది ఎక్కడి వరకు నిలబడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో విడదీసి చూడడమే ఇక్కడి ప్రయత్నం.

తీగ, ఒత్తి, ద్రవం: కాయిల్ చేసే పని

వేప్ పరికరంలో నాలుగే ముఖ్య భాగాలుంటాయి. లిథియం అయాన్ సెల్లు ఒకటి, దాని నుంచి కరెంటు తీసుకుని వేడెక్కే తీగచుట్ట ఒకటి, ఆ చుట్ట మధ్యలోంచి దీపంలో వత్తిలా పోయే దూది ఒకటి, ఆ దూది పీల్చుకునే ద్రవం ఒకటి. ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. వాటికి వాసన ద్రవ్యాలు, చాలాసార్లు నికోటిన్ కలుస్తాయి. తీగ వేడికి ద్రవం ఆవిరై, గాలి తగలగానే సన్నని తుంపరలుగా మారుతుంది. జనం దాన్ని పొగ అంటారు గానీ అక్కడ ఏదీ మండదు. మండితే అది లోపం కిందే లెక్క. దాన్ని ఏరోసాల్ అనడమే సరైనది.

ఇప్పుడు మనం చూస్తున్న రూపంలోని ఈ-సిగరెట్‌ను 2003 ప్రాంతంలో చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ రూపొందించాడు. అంతకు నాలుగు దశాబ్దాల ముందే, 1963లో, అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే వ్యక్తి పొగాకు లేని సిగరెట్‌కు పేటెంటు కోరాడు గానీ అది అంగడికి రాలేదు.

తీగ మాత్రం ఇంకా పాతది, మనకు బాగా తెలిసినదే. నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ మిశ్రమానికి 1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందాడు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంతల్ 1930 ప్రాంతంలో స్వీడన్‌లో పుట్టింది. హాస్టల్ గదిలో వార్డెన్‌కు తెలియకుండా మంచం కింద దాచుకున్న కరెంటు పొయ్యిలో ఎర్రగా కాలేది ఇలాంటి తీగే. అందువల్ల లెక్కను ఆ పొయ్యితోనే మొదలుపెట్టడం సులభం.

తెగిన పొయ్యి కాయిల్ నేర్పే ఓమ్ నియమం

తీగ చివరల మధ్య ఉన్న వోల్టేజీని తీగ నిరోధంతో, అంటే కరెంటును అది అడ్డుకునే మేరతో (దీన్ని ఓమ్‌లలో కొలుస్తారు), భాగిస్తే కరెంటు ఆంపియర్లలో వస్తుంది. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వేడిగా మారే శక్తి వాట్లలో వస్తుంది. వీటిలో మొదటిది జర్మన్ శాస్త్రవేత్త గియోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సంబంధం. 230 వోల్టుల మీద 1000 వాట్లు ఇచ్చే పొయ్యి కాయిల్ నిరోధం దాదాపు 53 ఓమ్‌లు. అది తీసుకునే కరెంటు సుమారు 4.3 ఆంపియర్లు.

ఆ కాయిల్ ఒకచోట తెగిందనుకుందాం. కొత్తది కొనకుండా, కాలిపోయిన భాగాన్ని తీసేసి, మిగిలిన చివరలను మెలివేసి కలపడం చాలా ఇళ్లలో చూసిందే. ఐదో వంతు తీగ పోయిందనుకుంటే నిరోధం 42 ఓమ్‌లకు పడిపోతుంది, కరెంటు 5.4 ఆంపియర్లకు, వేడి 1250 వాట్లకు పెరుగుతుంది. తీగ తగ్గితే వేడి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. మెలివేసిన పొయ్యి మళ్లీ త్వరగానే తెగిపోవడానికి ఒక కారణం ఇదే.

ఇదే నియమాన్ని వేప్ కాయిల్‌కు పెడితే అంకెలు ఆశ్చర్యం కలిగిస్తాయి. పూర్తిగా చార్జయిన లిథియం అయాన్ సెల్లు ఇచ్చేది 4.2 వోల్టులే. దాని చివరల మధ్య 1 ఓమ్ కాయిల్ పెడితే 4.2 ఆంపియర్లు, 0.5 ఓమ్ పెడితే 8.4 ఆంపియర్లు, 0.2 ఓమ్ పెడితే 21 ఆంపియర్లు. బొటనవేలు మందమున్న సెల్లు నుంచి, వంటింట్లో అన్నం ఉడికించే పొయ్యి తీసుకునే దానికి ఐదు రెట్లు కరెంటు. షాకు కొట్టదు కాబట్టి ఇది ప్రమాదం లేనిదనే భావన చాలా మందిలో ఉంది. 4 వోల్టులు మనిషికి షాకు ఇవ్వవన్న మాట నిజమే. ఇక్కడి ప్రమాదం షాకుది కాదు, సెల్లు కడుపులో పుట్టే వేడిది.

సెల్లు లోపల పుట్టే వేడి

ప్రతి సెల్లుకూ సొంత లోపలి నిరోధం ఉంటుంది. ఎక్కువ కరెంటు కోసం చేసిన కొత్త సెల్లుల్లో అది 0.02 లేదా 0.03 ఓమ్‌లు ఉండవచ్చు. పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్లుల్లో దానికి రెండింతలో, ఇంకా ఎక్కువో ఉంటుంది. వీటిని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు అన్నది ఆ అంకెల అర్థం. లాప్‌టాప్ కోసం చేసిన సెల్లు ఆగకుండా సుఖంగా ఇవ్వగలిగే కరెంటు సాధారణంగా 5 ఆంపియర్లకు అటూఇటూ. ఎక్కువ కరెంటుకు తగినట్లు చేసినవి 20 వరకు ఇస్తాయి. బయటి కవరు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కవరు మార్చి, లేని అంకెలు అచ్చువేసి అమ్మే నకిలీలూ ఉన్నాయి.

ఆ విద్యార్థి వాడింది పాత లాప్‌టాప్ సెల్లే. దాని లోపలి నిరోధం 0.06 ఓమ్‌లు అనుకుందాం. కాయిల్ నిజంగా 0.5 ఓమ్ అయి ఉంటే, మొత్తం 0.56 ఓమ్‌ల మీద 7.5 ఆంపియర్లు పారి, సెల్లు లోపల 3.4 వాట్ల వేడి పుట్టేది. అప్పటికే ఆ సెల్లు హద్దు దాటినట్లు. కాయిల్ 0.21 ఓమ్ అయితే కరెంటు 15.6 ఆంపియర్లు, సెల్లు లోపలి వేడి 14.5 వాట్లు, అంటే నాలుగు రెట్లకు పైన. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. 45 గ్రాముల సెల్లుకు 14.5 వాట్లంటే సెకనుకు సుమారు మూడో వంతు డిగ్రీ పెరుగుదల. విడవకుండా పది పన్నెండు సార్లు లాగితే, మే నెలలో 42 డిగ్రీలున్న మన గదిలో, ఆ సెల్లు చేతికి ఆగనంత వేడెక్కడంలో వింతేమీ లేదు.

కాయిల్ కాలు, అంటే దాని తీగ చివర, పరికరం గోడకు తగిలి పూర్తిగా షార్టయితే సంగతి వేరు. బయటి నిరోధం 0.01 ఓమ్‌కు పడిపోతే 60 ఆంపియర్లు పారతాయి, సెల్లు లోపల 216 వాట్లు పుడతాయి, సెకనుకు దాదాపు 5 డిగ్రీల చొప్పున వేడి ఎక్కుతుంది. సెల్లులో ధన, రుణ పొరలను వేరు చేసే పలుచని ప్లాస్టిక్ పొర 130 డిగ్రీల ప్రాంతంలో కరగడం మొదలుపెడుతుంది. ఈ మోటు లెక్కన 42 డిగ్రీల నుంచి అక్కడికి చేరడానికి 20 సెకన్లు కూడా పట్టదు. ఆ పొర పోయిన తరువాత సెల్లులోని రసాయనాలే వేడిని పుట్టించుకుంటూ పోతాయి. బయటి తీగను తీసేసినా అది ఆగదు.

ఇక్కడే రెండు రకాల పరికరాల మధ్య తేడా తెలియాలి. చిప్పు ఉన్న పరికరం కాయిల్ నిరోధాన్ని తానే కొలిచి, షార్టు కనిపిస్తే కరెంటు ఇవ్వదు, కొన్ని సెకన్లు దాటితే ఆపేస్తుంది. మెకానికల్ అని పిలిచే రెండో రకంలో గొట్టం, మీట, సెల్లు తప్ప మరేమీ ఉండదు. పొయ్యి కాయిల్ షార్టయితే ఇంట్లో ఎంసీబీ పడిపోతుంది, లేదా ఫ్యూజు తీగ మాడుతుంది. ఆ గొట్టంలో ఫ్యూజు పని చేయాల్సిందెవరంటే, మీట మీద వేలు పెట్టిన మనిషే. అమెరికాలో 2018లో ఫ్లోరిడాలోనూ, 2019లో టెక్సస్‌లోనూ వేప్ పరికరాలు పేలి ఒక్కొక్కరు మరణించారు.

గేజ్ ఒకటే, తీగ మందం వేరు

విద్యార్థి చేతిలోని తీగ ఎంత మందమని మెకానిక్ అడిగితే, "26 గేజ్" అన్నాడు. "ఏ 26?" అన్న ఎదురు ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు.

మోటారు వైండింగ్ దుకాణాల్లో తీగ మందం చూడడానికి అంచు చుట్టూ గాట్లు కోసిన గుండ్రని ఉక్కు బిళ్ల ఒకటి మేకుకు వేలాడుతుంది. ఏ గాటులో తీగ సరిగ్గా ఇమిడితే ఆ అంకె తీగ గేజ్. మన దగ్గర ఆ అంకెలు బ్రిటిష్ వాళ్లు వదిలివెళ్లిన ఎస్‌డబ్ల్యూజీ లెక్కవి. కాయిల్ నిరోధాన్ని లెక్కగట్టి చూపే ఇంటర్నెట్ పట్టికలు చాలావరకు అమెరికా వారి ఏడబ్ల్యూజీ లెక్కవి. అంకె ఒకటే అయినా మందం ఒకటి కాదు: ఏడబ్ల్యూజీలో 26 అంటే 0.405 మిల్లీమీటర్లు, ఎస్‌డబ్ల్యూజీలో 26 అంటే 0.457 మిల్లీమీటర్లు.

వెంట్రుకవాసి తేడాలా కనిపించే ఇది ఎంత దూరం పోతుందో చూద్దాం. 10 సెంటీమీటర్ల కాంతల్ తీగ అమెరికా 26 గేజ్‌లో 1.13 ఓమ్‌లు, అంతే పొడవు బ్రిటిష్ 26 గేజ్‌లో 0.88 ఓమ్‌లు. దుకాణంలో దొరికింది కాంతల్ కాక నిక్రోమ్ అయితే, దాని సహజ నిరోధం తక్కువ కాబట్టి, అది 0.66 ఓమ్‌లు. అలాంటివి రెండు పక్కపక్కన సమాంతరంగా బిగిస్తే నిరోధం సగమై 0.33 అవుతుంది. పట్టిక చూసిన మనిషి రెండు కాయిల్‌లకూ కలిపి 7.4 ఆంపియర్లు అనుకుని మొదలుపెడితే, చివరకు పారేది, సెల్లు లోపలి నిరోధాన్ని పక్కన పెట్టి చూస్తే, 12.7 ఆంపియర్లు. మధ్యలో ఎక్కడా కూడిక తప్పలేదు, భాగహారం తప్పలేదు. తప్పింది రెండు మాటల దగ్గరే: "గేజ్", "తీగ".

మీటరు 0.5 అన్నప్పుడు అది దేనిని కొలిచింది

లెక్క తప్పినా కొలతతో దొరికిపోతుంది కదా అన్నది సహజమైన వాదన. పరీక్షించుకుని వాడితే భయం లేదనే వారి నమ్మకం మొత్తం దీని మీదే నిలబడి ఉంది. కొలత ఎంత నమ్మదగినదో తేలితే గానీ ఆ వాదన బలం తెలియదు.

మామూలు మల్టీమీటరు నిరోధాన్ని కొలిచేటప్పుడు తన లోపలి బ్యాటరీ నుంచి చిన్న కరెంటును ఎర్ర వైరు గుండా పంపి, కాయిల్ గుండా పారించి, నల్ల వైరు గుండా వెనక్కు తెచ్చుకుంటుంది. దారి మొత్తానికి ఎంత వోల్టేజీ పడిందో చూసి, ఆ మొత్తాన్నే నిరోధంగా చూపిస్తుంది. అంటే ఎర్ర వైరు, నల్ల వైరు, వాటి ముల్లులు తీగను తాకే చోట ఉన్న తుప్పు, మీటరు పక్కన గుచ్చే పిన్నుల వదులు, ఇవన్నీ ఆ అంకెలో కలిసే ఉంటాయి. మోటారు వైండింగ్‌లో తెగిన తీగను పట్టుకోవడానికో, బల్బు ఫిలమెంటు ఉందో లేదో చూడడానికో ఈ 0.3 ఓమ్‌లు లెక్కలోకి రావు. 53 ఓమ్‌ల పొయ్యి కాయిల్‌లో అది ఒక శాతం కూడా కాదు. వేప్ కాయిల్ విషయంలో మాత్రం కొలవాల్సిన వస్తువు కంటే కొలిచే వైర్లే పెద్దవి. "మీటరు తప్పు చెప్పలె తమ్మీ, దాని వైర్లను గూడ కల్పి చెప్పింది" అన్నాడు మెకానిక్. నా తరగతిలో ఇదే సంగతిని చెప్పడానికి నాకు అరగంట పడుతుంది.

అయితే 0.5 నుంచి 0.3 తీసేస్తే నికరంగా 0.2 వస్తుంది కదా, అంతటితో సరిపోదా? చాలామంది చేసేది అదే, ఏమీ చేయకపోవడం కంటే అది మేలే. కానీ చవక మీటరు చివరి అంకె పదో వంతు దగ్గరే ఆగిపోతుంది, ఆ చివరి అంకె రెండు మూడు అంకెలు అటూఇటూ ఊగడం దాని తయారీ హద్దులోనిదే. కాబట్టి మిగిలిన 0.2 నిజానికి 0.1 కావచ్చు, 0.4 కావచ్చు. 0.4 అయితే 10.5 ఆంపియర్లు, 0.1 అయితే 42 ఆంపియర్లు. ఒక మామూలు ఇంటి మీటరుకు ఈ రెండింటి తేడా కనిపించదు.

ఈ చిక్కుకు ప్రయోగశాలల్లో పాత విరుగుడు ఒకటి ఉంది. కరెంటు పంపే వైర్లు రెండు, వోల్టేజీ చూసే వైర్లు రెండు, మొత్తం నాలుగు వాడతారు. కరెంటు ఒక దారిన పోతుంది, వోల్టేజీని కాయిల్ చివరల దగ్గరే విడిగా చూస్తారు. వైర్లలో పడే వోల్టేజీ ఆ లెక్కలోకి రాదు. మరుసటి వారం కళాశాల ప్రయోగశాలలో ఆ కాయిల్ గుండా సరిగ్గా 1 ఆంపియర్ పంపి చూశాము. చివరల మధ్య పడింది 0.21 వోల్టు. 0.21 వోల్టును 1 ఆంపియర్‌తో భాగిస్తే 0.21 ఓమ్. ఎనిమిది ఆంపియర్లు గుంజాల్సిన కాయిల్ దానికి రెండింతలు గుంజుతూ వచ్చిందన్న మాట.

కాయిల్‌లను కొలవడానికే అమ్మే చిన్న ఓమ్ మీటర్లు, చిప్పు ఉన్న పరికరాల తెరలు వైర్ల గొడవ లేకుండా వందో వంతు వరకు చూపిస్తాయి. అవి ఈ కొలతకు మల్టీమీటరు కంటే మెరుగైనవే. అయినా అవి చెప్పేది బిగించిన ఆ క్షణపు సంగతి. మర వదులైనా, కాలు జరిగి గోడకు తగిలినా, రెండు చుట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగినా అంకె మారిపోతుంది. జేబులో తిరిగే వస్తువులో ఇవేవీ అరుదు కావు.

వేడెక్కిన తీగ, చల్లని తీగ

నిక్రోమ్, కాంతల్ తీగల నిరోధం వేడికి పెద్దగా మారదు. స్వచ్ఛమైన నికెల్ అలా కాదు: చల్లగా 0.1 ఓమ్ ఉన్న నికెల్ కాయిల్ 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.22 ఓమ్ అవుతుంది. ఈ మార్పును చూసే కొన్ని పరికరాలు కాయిల్ ఉష్ణోగ్రతను ఊహించి కరెంటు తగ్గిస్తాయి. చిక్కేమిటంటే ఆ ఊహ మొదటి చల్లని కొలత మీద ఆధారపడుతుంది. కాయిల్ ఇంకా వెచ్చగా ఉండగానే దాన్ని "చల్లని" కొలతగా తీసుకుంటే, పరికరం తాను అనుకున్న దానికంటే ఎక్కువ వేడిని అనుమతిస్తుంది.

ఎర్రగా కాల్చి చూడడం మీద రెండు అభిప్రాయాలు

కాయిల్ చుట్టేవారు చేసే మరో పరీక్ష, దూది పెట్టకముందు తీగను ఎర్రబడేదాకా కాల్చడం. చుట్టలన్నీ నడిమి నుంచి అంచులకు సమంగా ఎర్రబడితే మంచిదనీ, ఒకే చోట ముందుగా మెరిస్తే అక్కడ చుట్లు తగులుకుంటున్నాయనీ అర్థం చేసుకుంటారు. దీన్ని సమర్థించేవారు రెండు కారణాలు చెబుతారు. లోపం కంటికి కనిపిస్తుంది. కాంతల్ మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడి చుట్ల మధ్య తెరలా నిలుస్తుంది. రెండూ భౌతికశాస్త్రానికి సరిపోయే మాటలే. పొయ్యి కాయిల్ ఏళ్ల తరబడి గాలిలో ఎర్రగా కాలి నిలబడేది అలాంటి ఆక్సైడ్ పొర వల్లనే.

వ్యతిరేకించేవారి వాదన వేరు. పొయ్యి మీద వండింది మనం తింటున్నామే గానీ తీగ మీదుగా వచ్చే గాలిని ఊపిరితిత్తుల్లోకి పీల్చడం లేదు. అన్ని వందల డిగ్రీల వేడికి లోనైన లోహపు పైపొర పెళుసుబారి, ఆ తరువాత రేణువులుగా రాలే అవకాశాన్ని కంటితో చూసి తోసిపుచ్చలేము. నికెల్, టైటానియం తీగలను ఇలా ఎర్రగా కాల్చకూడదని చుట్టేవారిలోనే చాలామంది ఒప్పుకుంటారు. నా మటుకు నాకు రెండో వాదన బరువైనదిగా తోస్తుంది, ఎందుకంటే మొదటిది కరెంటు సంగతి చెబుతోంది, రెండోది ఊపిరి సంగతి చెబుతోంది. ఒకదాని జవాబు మరొకదానికి పనికిరాదు.

కరెంటు పరీక్షలో తేలనిది

నిరోధం సరిగ్గా ఉండి, సెల్లు దానికి తగినదై, షార్టు ఏదీ లేదనుకుందాం. అప్పుడైనా ఆ కాయిల్ సురక్షితమని చెప్పగలమా? ఇక్కడ ఓమ్ నియమం చెప్పగలిగింది అయిపోయింది.

దూది తడిగా ఉన్నంతసేపు తీగ వేడి ద్రవం మరిగే స్థానం దగ్గరే నిలుస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అన్నం గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు మాడకపోవడం లాంటిదే ఇది. నీళ్లు ఇగిరిన మరుక్షణం ఏమవుతుందో వంట చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. దూది ఎండినప్పుడు తీగ వేడి హద్దు దాటి పోతుంది, గ్లిజరిన్ విరిగి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి ఘాటు విషాలు పుడతాయి. అదే నిరోధం, అదే కరెంటు. మారింది దూదిలోని తడి ఒక్కటే. ఏ మీటరూ దాన్ని చూపించదు.

2015లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన లేఖ, ఎక్కువ వోల్టేజీ దగ్గర ఈ-సిగరెట్ ఏరోసాల్‌లో ఫార్మాల్డిహైడ్ ఇచ్చే పదార్థాలు గణనీయంగా ఉన్నాయని చెప్పింది. కొందరు శాస్త్రవేత్తలు దానికి అభ్యంతరం చెప్పారు: అంత మాడిన రుచిని ఏ మనిషీ పీల్చలేడు, యంత్రం మాత్రమే పీలుస్తుంది అన్నది వారి వాదన. ఆ అభ్యంతరంలో న్యాయముంది. దానితో పాటే, మాడిన రుచి నాలుకకు తెలియక ముందు ఎంత పుడుతుందన్న ప్రశ్న మిగిలే ఉంది.

లోహాల సంగతి మరింత సూటిగా కాయిల్‌కు చెందింది. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 56 మంది రోజూ వాడే పరికరాలను తీసుకుని, సీసాలోని ద్రవంలోనూ, అదే ద్రవం కాయిల్ మీదుగా ఏరోసాల్‌గా మారిన తరువాతా లోహాలను కొలిచారు. సీసం, నికెల్, క్రోమియం వంటివి సీసాలో కంటే ఏరోసాల్‌లో చాలా ఎక్కువగా కనిపించాయి. అంటే అవి దారిలో, వేడెక్కే భాగాన్ని తాకినప్పుడు కలిశాయి. జనం రోజూ వాడే పరికరాల సంగతే ఇది; ఏ మిశ్రమమో తెలియని తీగతో ఇంట్లో చుట్టిన వాటిని ఎవరు కొలుస్తారు?

ఈ చర్చలో తరచూ కలగాపులగం అయ్యే విషయం ఒకటుంది. అమెరికాలో 2019లో వేప్ వాడినవారికి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఘటనలు వరుసగా వచ్చాయి. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రుల పాలైనవారు, చనిపోయినవారు కలిపి 2,807 మంది నమోదయ్యారు, వారిలో 68 మంది చనిపోయారు. దానికి ప్రధానంగా ముడిపడింది గంజాయి సారపు ద్రవాల్లో కలిపిన విటమిన్ ఈ అసిటేట్ అని దర్యాప్తులో తేలింది. కాయిల్ ప్రమాదానికి ఆ అంకెలను సాక్ష్యంగా చూపడం సరికాదు. ఆ ఘటనలకు కారణం వేరు కాబట్టి కాయిల్ క్షేమమని అనడమూ సరికాదు.

నిషేధమా, నియంత్రణా

ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం 2015లో ఈ-సిగరెట్ మామూలు సిగరెట్ కంటే సుమారు 95 శాతం తక్కువ హానికరమని అంచనా వేసింది. ఆ అంకెకు ఆధారం బలహీనమని వైద్య పత్రికలే విమర్శించాయి. అయినా, సిగరెట్ మానడానికి నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీల కంటే నికోటిన్ ఉన్న ఈ-సిగరెట్లే ఎక్కువ మందికి ఉపయోగపడుతున్నాయని, వైద్య పరిశోధనలను కూడగట్టి తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్షలు చెబుతున్నాయి. మరోవైపు భారత వైద్య పరిశోధన మండలి 2019 మేలో విడుదల చేసిన పత్రంలో వీటిని పూర్తిగా నిషేధించాలని సిఫారసు చేసింది. పొగాకు అలవాటు లేని పిల్లలను ఇవి నికోటిన్‌లోకి లాగుతాయన్నది ఆ పత్రం చూపిన కారణాల్లో ఒకటి. బీడీ, సిగరెట్ ప్రతి పాన్ డబ్బాలో దొరుకుతుండగా దీన్ని మాత్రమే ఆపడం ఏమిటన్న ప్రశ్నకూ, ఉన్న చెడు చాలక కొత్తది ఎందుకన్న ఎదురు ప్రశ్నకూ మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఇంట్లో చుట్టిన కాయిల్ విషయానికి వస్తే, ఇంగ్లండ్ అంచనా కూడా దానికి వర్తించదు. అక్కడ లెక్కలోకి తీసుకున్నవి ప్రమాణాలకు లోబడి అమ్మే పరికరాలు.

చట్టం దృష్టిలో తీగ చుట్టడం

2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరు 5న రాష్ట్రపతి ఆమోదంతో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన, అన్నీ నిషిద్ధం. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఏ పదార్థాన్నైనా వేడిచేసి పీల్చడానికి ఏరోసాల్ పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం ఈ చట్టం కిందికి వస్తుంది. మొదటిసారి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

వాడకాన్ని చట్టం విడిగా శిక్షించలేదు, కాబట్టి సొంతానికి చుట్టుకుంటే తప్పు లేదని కుర్రవాళ్లలో ఒక నమ్మకం ఉంది. చట్టం మాటలు చదివితే ఆ నమ్మకం నిలవడం కష్టం. నిషేధం పూర్తి పరికరానికే కాదు, "అందులోని ఏ భాగానికైనా" వర్తిస్తుంది. తయారీ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో భాగాలను చేయడం, కూర్చడం, దానికి అనుబంధంగా జరిగే చిన్న పనులు కూడా చేరి ఉన్నాయి. సొంత వాడకానికైతే మినహాయింపు అన్న మాట ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు.

అలాగని నిక్రోమ్ తీగే నిషిద్ధ వస్తువు కాదు. తీగను వేప్ భాగంగా మార్చేది దాన్ని చుట్టే ఉద్దేశం. ఆ వైండింగ్ దుకాణం నుంచి నాలుగడుగులు వేస్తే వచ్చే ఎలక్ట్రికల్ దుకాణంలో, మట్టి పొయ్యి పలకల పక్కన, ఆ తీగ చుట్టలు చుట్టలుగా వేలాడుతూనే ఉంటుంది. కావాలని అడిగినవాణ్ని దుకాణదారు ఒక్కటే అడుగుతాడు: "ఎన్ని వాట్ల స్టవ్‌కు సార్?"